నడవలేని కాలితో 41 కిలోలు తగ్గాను: నా లెక్క ఇదీ, మీ అనుభవాలూ రాయండి

కలువ (కాకినాడ)

"కాలు సరిగా లేదు, నడవలేను, బరువు తగ్గే దారి ఉందా?" అన్న ప్రశ్న ఇక్కడ తరచు కనిపిస్తోంది. కింద వచ్చే జవాబుల్లో సగం "రోజూ గంటసేపు నడవండి" అనే ఉంటాయి. నడవలేనని చెప్పుకున్న మనిషికి మళ్లీ నడకే చెబుతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు 51 ఏళ్లు. రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. తొడ దాకా క్యాలిపర్ (కాలిని నిలబెట్టే పట్టీల చట్రం) వేసుకుని, చేతికర్ర ఊతంతో కొద్ది దూరం నడుస్తాను. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. 2021 చివర్లో నా బరువు 112 కిలోలు. ఇప్పుడు 71. తగ్గడానికి రెండున్నరేళ్లు పట్టింది. ఆ తర్వాత 70, 73 మధ్య నిలబడి ఉంది.

తగ్గి తీరాలని ఎందుకు అనుకున్నానంటే, నా ఎడమ మోకాలు. ఒంటి బరువంతా నలభై ఏళ్లుగా ఆ ఒక్క కాలే మోసింది. ఎక్స్‌రే చూసి గుజ్జు బాగా అరిగిందన్నారు. పోలియో ఉన్నవారికి మంచి కాలు దెబ్బతింటే ఇక మంచానికే అన్న భయం ఎలా ఉంటుందో ఈ బాధ పడ్డవారికే తెలుస్తుంది.

ఇక లెక్క. కాళ్లు బాగున్న 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 250 క్యాలరీలు. మా ఇంట్లో ఇద్దరమే. నెలకు నాలుగు లీటర్ల నూనె వాడేవాళ్లం. అంటే మనిషికి రోజుకు 67 మిల్లీలీటర్లు. దాదాపు 550 క్యాలరీలు ఒక్క నూనె నుంచే! నాకు 15 మిల్లీలీటర్లు చాలని నిర్ణయించుకుంటే రోజుకు 400 క్యాలరీలకు పైగా తగ్గుతాయి. నేను ఎన్నడూ నడవలేని గంటన్నర నడక అది. ఈ ఒక్క లెక్క వేసుకున్నాక నా కాలి మీద నాకున్న కోపం చాలా వరకు పోయింది.

నా రోజు ఇలా ఉంటుంది. ఉదయం 50 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బిన పెసరట్లు, అల్లం పచ్చడి. బడిలో పదకొండింటికి ఒక జామకాయ. మధ్యాహ్నానికి, రాత్రికి కలిపి 90 గ్రాముల బియ్యం, వండకముందు తూచినవి. పప్పు 40 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పెరుగు, పాలు కలిపి 300 మిల్లీలీటర్లు, రెండు కోడిగుడ్లు. చేపలు దొరికిన రోజు గుడ్లు ఉండవు. మొత్తం 1,250 నుంచి 1,300 క్యాలరీల మధ్య, ప్రొటీన్ 55 గ్రాములకు పైన. దీన్ని యథాతథంగా ఎవరూ పాటించవద్దు. నా ఎత్తుకు, నా రక్తపరీక్షలకు డాక్టరుతో మాట్లాడి కుదుర్చుకున్న కొలత ఇది.

తూకం కాటా కొనడం అన్నిటికంటే మంచి పని. కళ్లు మోసం చేస్తాయి. "కొంచెమే పెట్టుకున్నాను" అన్న అన్నం కాటా మీద ఎంత ఉంటుందో చూస్తే తెలుస్తుంది. వేపుళ్లు వారానికి ఒకసారికి తగ్గాయి. బెండకాయ, దొండకాయ ముందు ఆవిరి మీద ఉడికించి ఒక చెంచా నూనెతో పోపు వేసి దించుతాను. పులుసు కూరలకు ఎలాగూ నూనె తక్కువే పడుతుంది. గోంగూర పప్పు, పొట్లకాయ పెరుగు పచ్చడి, తోటకూర పులుసు... మన వంటిల్లు బరువు తగ్గడానికి చాలా అనువైనది. దాన్ని వదిలి ఓట్స్, సలాడ్లు వెతుక్కునే అవసరం నాకు రాలేదు.

వ్యాయామం: కుర్చీలో కూర్చుని రబ్బరు బ్యాండ్లు లాగడం, రెండు కిలోల డంబెల్స్ ఎత్తడం, వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున. బరువు తగ్గించుకోవడానికి కాదు, తగ్గేటప్పుడు కండ పోకుండా ఉండటానికి. నాలాంటివారు లేచి నిలబడేది భుజాల బలంతోనే. ఆ కండ కరిగితే బరువు తగ్గినా లేవలేం.

అడగండి, తెలిసినది చెబుతాను.

శారదమ్మ_కోడలు (ఏలూరు)

కలువ గారూ, చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అత్తయ్యగారికి 64 ఏళ్లు, 96 కిలోలు, రెండు మోకాళ్లూ అరిగాయి. బాత్రూముకు వెళ్లడమే పెద్ద ప్రయాణం. ఆపరేషన్‌కు ముందు బరువు తగ్గితే మంచిదని డాక్టరుగారు చెప్పారు. "పెరుగన్నం మానమంటే ప్రాణం మానమన్నట్టే" అంటారావిడ. మీరు మానగలిగారా?

కలువ (కాకినాడ)

నేను మానలేదండీ. రాత్రి భోజనంలో మూడో వంతు అన్నం, మిగతాది పెరుగు. మీగడ తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగు. పక్కన ఆవకాయ బదులు ఉడికించిన కూర. ఆవకాయ ముక్క వారానికోసారి, పైన తేలే నూనె లేకుండా. ఎన్నేళ్లుగానో తింటున్నదాన్ని పూర్తిగా లాగేసుకుంటే పెద్దవారు మొత్తం ప్రయత్నాన్నే వదిలేస్తారు. ముందు టీలో చక్కెర, సాయంత్రం జంతికలు చూడండి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అయితే అవే 150 క్యాలరీలు దాటుతాయి. ఆవిడకు అంత బాధ కలగకుండా తగ్గించగలిగేవి అక్కడ దొరుకుతాయి.

ఫిజియో_హనుమకొండ

ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. కలువ గారు చివర్లో రాసిన భుజాల మాటను అందరూ మళ్లీ చదవాలని నా కోరిక.

ముందు మోకాళ్ల సంగతి. అరిగిన మోకాళ్లున్న పెద్దవారి నడకను ప్రయోగశాలలో కొలిచి, అమెరికా పరిశోధకులు 2005లో ఒక ఫలితం ప్రచురించారు. శరీరం ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుంది. శారదమ్మ గారు ఐదు కిలోలు తగ్గినా అడుగడుగునా ఇరవై కిలోల ఉపశమనం. 96 నుంచి 65కు రావాలని చెబితే ఎవరైనా బెదిరిపోతారు. ముందు 91 చూడమనండి.

ఆవిడకు ఇప్పుడే మొదలుపెట్టగలిగినవి: మంచం మీద పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టే వరకు బిగబట్టడం. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి నిలపడం. తొడ ముందు కండరం గట్టిపడితే నొప్పి తగ్గుతుంది. దగ్గరలో ఈతకొలను, మెట్లతో పాటు పట్టుకునే కమ్మీ ఉంటే నీళ్లలో నడక చాలా మేలు. నడుము లోతు నీళ్లలో కాళ్ల మీద పడేది ఒంటి బరువులో సగమే. ఛాతీ లోతుకు వెళ్తే మూడో వంతుకు దగ్గరగా వస్తుంది.

పోలియో ఉన్నవారికి వేరే మాట. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014లో దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. అది గొప్ప విజయం. కానీ ఆ జబ్బుతో పెరిగిన తరం ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో, అరవైల్లో ఉంది. నా దగ్గర పనిచేసే యువ ఫిజియోల్లో చాలామంది పోలియో కాలును దగ్గరగా చూడకుండానే చదువు పూర్తి చేశారు. వారికి మీరే చెప్పాలి. పోలియో వచ్చిన పదిహేను నుంచి నలభై ఏళ్ల తర్వాత కొందరిలో కొత్తగా నీరసం, కండరాల బలహీనత మొదలవుతాయి. దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఆ కండరాలను అలసిపోయేదాకా పనిచేయిస్తే ఇంకా బలహీనపడతాయి. "నొప్పి వస్తేనే ఫలితం" అన్న వ్యాయామశాలల మాట మీకు హాని చేస్తుంది. ఈ రోజు చేసిన దాని అలసట రేపు ఉదయానికీ పోకపోతే, అది ఎక్కువైనట్టే. సగానికి తగ్గించండి. మధ్యమధ్యలో ఆగండి.

వేగం_తగ్గని_బండి (హైదరాబాద్)

ఇంత తూకం, ఇంత లెక్క ఎందుకండీ? మా బావగారు రోజుకు ఒక్క పూటే తిని నాలుగు నెలల్లో 22 కిలోలు తగ్గారు. ఆయనకు నడుము డిస్క్ సమస్య, వ్యాయామం అసలు లేదు. వారానికి ఒకరోజు పూర్తి ఉపవాసం. అందరూ ఇది చేస్తే సరిపోతుంది. శారదమ్మ గారితో కూడా చేయించండి.

డాక్టర్_కృష్ణాతీరం (విజయవాడ)

పై సలహా చదివి వెంటనే రాస్తున్నాను. శారదమ్మ_కోడలు గారూ, మీ అత్తగారికి షుగరు ఉందా? ఏ మాత్రలు వాడుతున్నారు? అది తెలియకుండా ఉపవాసం చేయించకండి.

కారణం చెబుతాను. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్, మీరు తిన్నా తినకపోయినా చక్కెరను దించుతాయి. అన్నం సగానికి తగ్గించి మాత్ర అదే మోతాదులో వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తర్వాత స్పృహ తప్పడం. నడవలేని మనిషి అలా పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ ప్రమాదం తక్కువ. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్రల మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే అది ఒక సూచన.

తక్కువ తినడానికి నేను వ్యతిరేకిని కాను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన చేశారు. 2017లో తొలి ఫలితాలు వచ్చాయి. ఆరేళ్లలోపు షుగరు ఉండి, ఇన్సులిన్ వాడనివారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 క్యాలరీల ద్రవాహారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో అది 86 శాతం. కానీ అక్కడ షుగరు, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపించారు, తర్వాత వైద్య సిబ్బంది వెన్నంటి ఉన్నారు. ఇంట్లో ఎవరికి వారు మొదలుపెట్టే ఉపవాసానికీ దానికీ ఉన్న తేడా అదే.

బావగారు నాలుగు నెలల్లో 22 కిలోలు తగ్గడం మంచి విషయమే, కానీ అంత వేగంలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే అశ్రద్ధ చేయవద్దని చెప్పండి.

శారదమ్మ_కోడలు (ఏలూరు)

డాక్టరుగారూ, గ్లిమిపిరైడ్ ఉదయం, రాత్రి వాడుతున్నారు. మీరు రాయకపోతే రేపటి నుంచి ఒక పూట మాన్పించేదాన్ని. ముందు మా డాక్టరుగారికి చూపించి మాత్ర సంగతి తేల్చుకుంటాం. మీకు వేల నమస్కారాలు.

సాగరతీరం (విశాఖపట్నం)

నేను చక్రాల కుర్చీ మనిషిని. కట్టడం పని మీద ఉండగా రెండో అంతస్తు నుంచి పడ్డాను, నడుము కింద స్పర్శ లేదు. అప్పటికి 29 ఏళ్లు. తర్వాతి ఆరేళ్లలో 68 కిలోల నుంచి 99 అయ్యాను. ఇప్పుడు 72.

ఇక్కడ కుర్చీలో ఉన్నవారు ఇంకెవరైనా ఉంటే వారి కోసం వివరంగా రాస్తున్నాను. మాకు ఇచ్చే సలహాలు ఏ పుస్తకంలోనూ మా శరీరానికి సరిపోవు.

మొదటి కష్టం తూచుకోవడమే. ఇంట్లో ఉండే బరువు యంత్రం మీద నిలబడలేం. ఆసుపత్రుల్లో కూడా చక్రాల కుర్చీ ఎక్కించే యంత్రం చాలాచోట్ల లేదు. మా ఊరి రైసు మిల్లులో బస్తాలు తూచే కాటా ఉంది. కుర్చీతో సహా దాని మీదికి ఎక్కించి, తర్వాత ఖాళీ కుర్చీని తూచి తీసివేస్తారు. నెలకోసారి అక్కడికే వెళ్తాను. మిల్లు యజమాని ఎన్నడూ విసుక్కోలేదు, ఆయన మేలు మరవను.

రెండోది, స్పర్శ లేని కాళ్లలో కండ కరిగిపోతుంది, ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. కాబట్టి బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) మామూలుగా ఉన్నట్టు చూపించినా లోపల కొవ్వు ఎక్కువగా ఉండవచ్చు. నేను నడుము చుట్టుకొలతను పడుకుని కొలుస్తాను. ఖర్చయ్యే శక్తి కూడా తక్కువ. కండ తక్కువైతే ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యేది తగ్గిపోతుంది. నా వయసు, నా ఎత్తు ఉన్న మా తమ్ముడు తినే అన్నం నేను తింటే నాకు పెరుగుతుంది. ఇది అన్యాయంగా అనిపించేది. ఇప్పటికీ పండగ రోజు అనిపిస్తుంది.

మూడోది, ఒత్తిడి పుండ్లు. బరువు తగ్గుతుంటే పిరుదుల దగ్గర మెత్తదనం పోయి ఎముక గట్టిగా తగులుతుంది. నాకు తెలియకుండానే చర్మం ఎర్రబడింది. అమ్మ చూసి చెప్పింది. ఆ రోజు నుంచి ప్రతి అరగంటకూ చేతుల మీద ఒంటిని పైకి లేపి ఉంచుతాను, రోజూ రాత్రి అద్దంతో చర్మం చూసుకుంటాను, మెత్త మార్పించాను. ప్రొటీన్ తగ్గితే పుండు మానదు, అందుకే బరువు తగ్గుతున్నా గుడ్లు, పప్పు తగ్గించలేదు. పీచు, నీళ్లు సరిగా లేకపోతే మాకు మలబద్ధకం కూడా పెద్ద సమస్యే. జొన్న రొట్టె, ఆకుకూర నాకు కలిసొచ్చాయి.

నా చేత ఇదంతా చేయించింది మా నాన్న. నన్ను మంచం మీద నుంచి కుర్చీలోకి ఆయనే ఎత్తేవారు. 63 ఏళ్ల మనిషి. ఒకరోజు ఎత్తుతూ నడుము పట్టేసి కిందే కూలబడ్డారు. నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. "నీకేమైనా తగిలిందా?" అని అడిగారు. ఇప్పుడు జారుడు పలక వేసుకుని నేనే మంచం మీద నుంచి కుర్చీలోకి మారతాను. 99 కిలోలు ఉన్నప్పుడు నా చేతులు నన్ను మోయలేకపోయేవి.

ఫిజియో_హనుమకొండ

సాగరతీరం గారూ, మీరు రాసింది మా విద్యార్థులతో చదివిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే. ఒక్క మాట చేరుస్తాను. కుర్చీ చక్రాలు తోసేవారి భుజాలు ముందువైపు అతిగా వాడకమై అరుగుతాయి. అందుకని బ్యాండ్‌ను తలుపు గడియకు కట్టి వెనక్కి లాగే వ్యాయామం తప్పకుండా చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్నవారికి మొదటిసారి ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అన్నది అందులోని కొలత. అంత చేయలేనివారు చేయగలిగినంతతో మొదలుపెట్టమని కూడా చెప్పింది.

సాగరతీరం (విశాఖపట్నం)

తప్పకుండా చదివించండి సార్. నాకు సంతోషం.

డాలస్_తెలుగమ్మాయి

నేను ఇక్కడ అమెరికాలో ఉన్నాను. నాకు రెండు మోకాళ్లు, ఒక తుంటి సమస్య. 121 కిలోల నుంచి 94కు వచ్చాను, వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో. మన సంఘం కార్యక్రమాల్లో ఈ మాట చెబితే "ఓహో, సూదితోనా!" అంటారు. కష్టపడనట్టు చూస్తారు. అందుకే ఇన్నాళ్లు ఎక్కడా రాయలేదు.

తెలుసుకోదలచినవారికి: మోకాళ్లు అరిగి, స్థూలకాయం ఉన్నవారి మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. 68 వారాల్లో ఇంజెక్షన్ తీసుకున్నవారు సగటున 13.7 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే మోకాళ్ల నొప్పి కూడా చాలా ఎక్కువగా తగ్గింది. ఇండియాలో 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే ఇంజెక్షన్లు వచ్చాయి. మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్, వెగోవీలో సెమాగ్లూటైడ్.

నాకు మొదట్లో వికారం, వాంతులు ఎక్కువ. ఆకలి అసలు లేకపోవడంతో ప్రొటీన్ తినకుండా కండ కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది. ఆపితే బరువు తిరిగి వస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు ఒక పరిశోధనలో తేలింది. ఇన్సూరెన్స్ ఎన్నాళ్లు ఇస్తుందో అన్న దిగులు నాకు రోజూ ఉంది.

నల్లమల (కర్నూలు)

డాలస్ చెల్లెమ్మా, ధైర్యంగా రాశావు. నేను ఆపరేషన్ చేయించుకున్నాను. కడుపును సన్నటి గొట్టంలా కుదించే స్లీవ్ ఆపరేషన్. 138 కిలోలు, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, రెండు కాళ్లకూ బోదకాలు. డాక్టర్లు నడవమనే పరిస్థితి కూడా లేదు. ఇప్పుడు 89. బోదకాలు అలాగే ఉంది, కానీ పుండ్లు పడటం చాలా తగ్గింది, కాలు నేనే కడుక్కోగలుగుతున్నాను. బీ12, ఐరన్, విటమిన్ డి మాత్రలు జీవితాంతం. ఒక పూట రెండు ఇడ్లీలకంటే ఎక్కువ పట్టదు. పెళ్లిలో విస్తరి ముందు కూర్చుంటే చుట్టూ ఉన్నవారు బాధపడతారు, నాకు బాధ లేదు.

డాక్టర్_కృష్ణాతీరం (విజయవాడ)

మన దేశంలో ఈ ఆపరేషన్‌కు చాలాకాలంగా పాటిస్తున్న కొలత: షుగరు వంటి జబ్బులుంటే బీఎంఐ 32.5, లేకపోతే 37.5. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఆసియావారికి 27.5 నుంచే ఆలోచించవచ్చని ఉంది. పోలియో ఉన్నవారు ఆపరేషన్ ఏదైనా సరే మత్తు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. మత్తుమందులు, కండరాలను సడలించే మందులు వారి మీద మామూలుకంటే ఎక్కువగా పనిచేయవచ్చు.

కలువ (కాకినాడ)

ఇంజెక్షన్, ఆపరేషన్ గురించి నా అభిప్రాయం మొదట రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నాకు అవి లేకుండా కుదిరింది. కారణం, షుగరు లేదు, థైరాయిడ్ లేదు, వంటిల్లు నా చేతిలో ఉంది, నా జీతం నా చేతికి వస్తుంది. కూరగాయలకు, చేపలకు ఎంత ఖర్చు పెట్టాలో నేనే నిర్ణయించుకోగలను. ఇవన్నీ అందరికీ ఉండవు. కోడలు వండినది తినాల్సిన అత్తగారికి, అత్తగారు వడ్డించినది తినాల్సిన కోడలికి ఈ స్వేచ్ఛ ఎక్కడుంది? కాబట్టి నల్లమల అన్నగారూ, డాలస్ అమ్మాయీ, మీరు చేసింది నేను చేసినదానికి ఏ విధంగానూ తక్కువ కాదు. కష్టం ఎవరికి ఎంత పడాలో పైనుంచి చూసేవారు నిర్ణయించకూడదు.

ఊళ్లో నాతో అన్న మాటలు కొన్ని రాస్తాను, ఎందుకంటే ఇవి అందరికీ ఎదురవుతాయి. లావుగా ఉన్నప్పుడు "కాలు అలా ఉంది కదా, ఇక ఏం చేస్తుందిలే" అనేవారు. తగ్గాక "ఏదైనా జబ్బు చేసిందా?" అని అడిగారు. పెళ్లిళ్లలో "ఒక్క ముద్ద తిను, ఏమీ కాదు" అని బూరె నోట్లో పెట్టబోయారు. నేను బూరె తింటాను. ఒకటి తింటాను, నాకు ఇష్టమైనప్పుడు. ఎవరో బలవంతపెట్టినందుకు తినను. ఆ మాట నవ్వు లేకుండా, కోపం లేకుండా చెప్పడం అలవాటు చేసుకోవాలి.

మల్లెపందిరి (నిజామాబాద్)

నాకు 38. కీళ్లవాతం. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాక ఏడాదిలో 19 కిలోలు పెరిగాను. వేళ్లు వంకర తిరుగుతున్నాయి, డంబెల్ పట్టుకోలేను. స్టెరాయిడ్ మానేస్తే తగ్గుతానా?

డాక్టర్_కృష్ణాతీరం (విజయవాడ)

అమ్మా, మీ అంతట మీరు ఆపకండి. ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడినప్పుడు శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణాపాయం. కీళ్ల డాక్టరును అడిగి, మెథోట్రెక్సేట్ వంటి వేరే మందుల అండతో మోతాదు మెల్లగా దించే వీలుందేమో చూడండి. స్టెరాయిడ్ ఆకలిని పెంచుతుంది, ఆ ఆకలి మీ బలహీనత కాదు. ప్రతి పూటా ముందు కూర, పప్పు, మజ్జిగ, చివర అన్నం తిని చూడండి.

ఫిజియో_హనుమకొండ

డంబెల్ పట్టలేకపోతే మణికట్టుకు చుట్టుకునే ఇసుక సంచులు దొరుకుతాయి, అర కిలో నుంచి. వేళ్ల మీద భారం పడదు. కీళ్లు ఎర్రగా వాచి ఉన్న రోజు బరువులు వద్దు, కదలికలు మాత్రమే.

ఎర్రనేల (అనంతపురం)

నాకు మోకాలి కింద కాలు తీసేశారు, షుగరు పుండు వల్ల. కృత్రిమ కాలు వాడుతున్నాను. 14 కిలోలు తగ్గాక కాలు తొడుగులో వదులైపోయింది. నడుస్తుంటే లోపల జారి చర్మం ఒరుసుకుంటోంది. బరువు తగ్గడం ఆపేయాలా? ఇంకో సందేహం: కాలు లేనప్పుడు బీఎంఐ ఎలా లెక్కించాలి?

కలువ (కాకినాడ)

ఆపవద్దు. నా క్యాలిపర్‌కూ అదే జరిగింది. తొడ పట్టీ వదులై, మోకాలి లాక్ పక్కకు తిరిగేది. పట్టీలకు కొత్త రంధ్రాలు వేయించాను, తర్వాత కొలతలు మళ్లీ ఇచ్చి మార్పించాను. బరువు చాలా తగ్గాలనుకునేవారు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. అలింకో (కృత్రిమ అవయవాలు, ఊత పరికరాలు చేసే ప్రభుత్వ సంస్థ) శిబిరాలు మీ జిల్లాలో ఎప్పుడు జరుగుతాయో వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. అర్హత ఉంటే ఉచితంగా ఇస్తారు.

ఫిజియో_హనుమకొండ

ఎర్రనేల గారూ, వెంటనే చేయగలిగింది, మొండికాలికి వేసుకునే మేజోళ్లు ఒకటి రెండు అదనంగా తొడగడం. ఐదారు మేజోళ్లు వేసినా వదులుగా ఉంటే తొడుగు మార్చాల్సిందే. షుగరు ఉంది కాబట్టి ఒరుసుకున్న చోటు ఎర్రగా ఉంటే, అది పోయేదాకా కృత్రిమ కాలు వేసుకోకండి. రెండో పాదాన్ని కూడా రోజూ చూసుకోండి.

బీఎంఐ: మోకాలి కింద భాగం, పాదం కలిపి శరీర బరువులో సుమారు 5.9 శాతం. కృత్రిమ కాలు తీసి తూచుకున్న బరువును 0.941తో భాగించండి. ఆ వచ్చినదాన్ని కాలు తీయకముందు మీకున్న ఎత్తుతో లెక్కించండి. ఉదాహరణకు 75 కిలోలు తూగితే, లెక్కలోకి తీసుకోవాల్సింది దాదాపు 79.7.

ఎర్రనేల (అనంతపురం)

లెక్క వేశాను సార్, 28.4 వచ్చింది. మేజోడు ఇంకొకటి వేసుకుంటే ఇప్పటికి జారడం లేదు. సోమవారం తొడుగు కొలతలు ఇవ్వడానికి వెళ్తున్నాను.